పొట్టితనం రక్తంలో ఉందా?

మా తమ్ముడు ఒక యూనిఫాం ఉద్యోగం సెలక్షన్‌కి పోయి ఎత్తు దగ్గర ఆగిపోయాడు. పరుగులో గెలిచాడు, ఛాతీ కొలత సరిపోయింది, ఎత్తు దగ్గర ఒక్క సెంటీమీటరు తక్కువ పడ్డాడు. కొలిచినాయన చెడ్డవాడేం కాదు. మడమలు గోడకు ఆనించమని చెప్పి రెండోసారి కూడా కొలిచాడు. ఆఖరికి కాగితం మీద అడ్డగీత గీస్తూ, ఓదార్పుగానే, "ఏం జేస్తం తమ్మీ, మీ ఇండ్లల్ల అందరు గంతే గద, వంశం" అన్నాడట. తమ్ముడు ఇంటికొచ్చి ఆ మాట చెప్తే అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, "నువ్వు కడుపుల ఉన్నప్పుడు ఆ యేడు ఆఖరి దినం దాంక నాట్లకు పోయిన" అంది. అంతే. వంశం అన్న మాటకు అమ్మ దగ్గరున్న జవాబు అది. ఈ వ్యాసంలో మేము చేసేదంతా ఆ జవాబును కొంచెం పొడిగించడమే.

ఎందుకంటే ఆ 'వంశం' అన్న మాట కొలతబద్ద పట్టుకున్న మనిషి దగ్గరే ఆగిపోలేదు. అదే మాట ఇంగ్లీషు తొడుక్కుని, పట్టికలు జత చేసుకుని, విశ్వవిద్యాలయం నుంచి వచ్చినప్పుడు దాని పేరు 'జన్యువు' అవుతుంది. 2013 మేలో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో అరవింద్ పనగారియా రాసిన వ్యాసం అలాంటిదే. భారతదేశంలో పిల్లల పోషకాహార లోపం నిజంగా సహారా దిగువ ఆఫ్రికా దేశాలకన్నా ఘోరంగా ఉందా అని ఆయన ప్రశ్న. ఆయన సామాన్యుడేం కాదు. కొలంబియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు, తరవాత 2015లో నీతి ఆయోగ్‌కు మొదటి ఉపాధ్యక్షుడయ్యాడు. అంటే ఆయన రాసేది చదివి పక్కన పెట్టే వ్యాసం కాదు, రేపు పళ్ళెంలో గుడ్డు ఉండాలా వద్దా అని నిర్ణయించే బల్ల మీదికి పోగల వ్యాసం. అందుకే దాన్ని కోపంతో కాదు, ఓపికతో చదవాలి.

ఆయన వాదం ఇలా నడుస్తుంది. కేరళను, సెనెగల్‌ను పక్కపక్కన పెట్టండి. కేరళలో పసిపిల్లల చావులు సెనెగల్‌కన్నా చాలా తక్కువ, కాన్పులో తల్లుల చావులు తక్కువ, మనిషి బతికే ఏళ్ళు ఎక్కువ. అయినా వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు మాత్రం కేరళలోనే ఎక్కువ. ఆరోగ్యం అన్ని లెక్కల్లో మెరుగ్గా ఉండి ఎత్తులో మాత్రమే వెనకబడటం ఏమిటి? కాబట్టి తప్పు పిల్లల్లో లేదు, కొలబద్దలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ ఒకే ప్రమాణం పెట్టింది. భారతీయుల పిల్లలు జన్యుపరంగానే పొట్టి కావచ్చు గదా? బాగా ఉన్న ఇళ్ళ పిల్లల్లో కూడా గిడసబారినవాళ్ళు ఉండవలసిన దానికన్నా ఎక్కువగా కనబడుతున్నారు గదా? ఇదీ ఆయన ప్రశ్న.

ప్రశ్న అడగడం తప్పు కాదు. మాకు మొదట అది చదివినప్పుడు జవాబు తట్టలేదు కూడా. సెనెగల్ లెక్క దగ్గర కొంచెం తడబడ్డాం. ఈ తడబాటును దాచుకోవాల్సిన పని లేదు. మన ఉద్యమాల్లో ఒక అలవాటు ఉంది, జన్యువు అన్న మాట వినబడగానే బ్రాహ్మణీయం అని లేచి వెళ్ళిపోవడం. లేచి వెళ్ళిపోతే ఆ గదిలో మిగిలేది వాళ్ళే.

ముందు ఒప్పుకోవలసింది ఒప్పుకుందాం. ఎత్తు తల్లిదండ్రుల నుంచి వస్తుంది, నిజమే. కడుపు నిండిన సమాజాల్లో కవల పిల్లల మీద చేసిన పరిశోధనల్లో మనిషికీ మనిషికీ మధ్య ఎత్తు తేడాలో చాలా భాగం వారసత్వంగా వచ్చేదేనని తేలింది. కానీ ఇక్కడే ఒక గారడీ జరుగుతుంది. ఒక గుంపు లోపలి తేడా వారసత్వం వల్ల వచ్చిందంటే, రెండు గుంపుల మధ్య తేడా కూడా వారసత్వం వల్లే వచ్చిందని కాదు. జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ 1970లోనే దీన్ని విత్తనాల ఉదాహరణతో చెప్పాడు. మన మాటల్లో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. ఒకే బస్తాలోంచి రెండు దోసిళ్ళ జొన్నలు తీయండి. ఒక దోసిలి నల్లరేగడిలో చల్లండి, ఇంకోటి గరుసు నేలలో చల్లండి. రేగడిలో ఒక కర్ర పొడుగు, ఒక కర్ర పొట్టి, అది విత్తనంలోని తేడా. గరుసులోనూ అంతే. కానీ రేగడి చేను మొత్తం నడుమెత్తు దాటి, గరుసు చేను మోకాలి దగ్గర నిలిచిపోతే అది విత్తనం తేడానా? ఏ రైతు కూలినడిగినా చెప్తాడు. ఇది అర్థం కానిది ఒక్క పొలంలో దిగని వాళ్ళకే.

ఇక కొలబద్ద సంగతి. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన పిల్లల ఎదుగుదల ప్రమాణం ఏదో తెల్లవాళ్ళ పిల్లల్ని కొలిచి మన మీద రుద్దింది కాదు. పాత ప్రమాణం మీద ఆ ఫిర్యాదు న్యాయమైందే. అందుకే కొత్తదానికి 1997 నుంచి 2003 దాకా ఆరు దేశాల్లో, బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికాల్లో, దాదాపు 8,500 మంది పిల్లల్ని కొలిచారు. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీలో కలిగినవాళ్ళ పిల్లలు. తల్లి పొగతాగదు, చంటిపాలు ఇస్తుంది, ఇంట్లో లేమి లేదు, వైద్యం అందుబాటులో ఉంది. అలాంటి చోట ఓస్లో పిల్లలు, అక్రా పిల్లలు, ఢిల్లీ పిల్లలు దాదాపు ఒకే తీరున పెరిగారు. అంటే నేల ఒకటైతే చేను ఒకే ఎత్తుకు వచ్చింది.

జన్యువులు నూరేళ్ళలో మారవు. కానీ దక్షిణ కొరియా ఆడవాళ్ళు గత నూరేళ్ళలో సగటున 20 సెంటీమీటర్లు పెరిగారు. మన దేశంలోనే చూడండి. గిడసబారిన అయిదేళ్ళలోపు పిల్లలు 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 48 మంది, 2015–16లో 38 మంది, 2019–21లో 35.5. పదిహేనేళ్ళలో నూటికి పన్నెండు మంది తగ్గారు. ఈ పదిహేనేళ్ళలో భారతీయుల జన్యువులు ఎవరు మార్చారు? మరి 2015–16 సర్వేలోనే కులాల వారీగా చూస్తే ఎస్టీల్లో 44, ఎస్సీల్లో 43, బీసీల్లో 39, మిగతావాళ్ళలో 31. 'భారతీయుల పిల్లలు' అన్న మాట ఎంత మందిని ఒకే బస్తాలో కుక్కుతుందో చూడండి. సెనెగల్‌తో పోల్చడానికి ముందు ఊరికీ వాడకీ మధ్య కొలవమని మేము పనగారియా గారిని అడుగుతాం. ఆయన వ్యాసం దేశాలను పోల్చింది, రాష్ట్రాలను పోల్చింది. వాదం నిలబడాలంటే కులాన్ని దాటి పోక తప్పదు.

కొందరు ఇక్కడ ఇంకో మెట్టు దిగుతారు. సరే, కులాల మధ్య తేడా ఉంది, అదీ జన్యువుల తేడానే అయ్యుండొచ్చు గదా, కులాలు వేరువేరు రక్తాలు గదా అంటారు. ఇది పాత పాట. 1901 జనాభా లెక్కలకు కమిషనరుగా ఉన్న రిస్లీ ముక్కు కొలతలతో కులాలకు నిచ్చెన వేశాడు. ఆ కొలతల వాదాన్ని అంబేద్కర్ వాళ్ళ పద్ధతిలోనే తిప్పికొట్టాడు. 1948లో అంటరానివాళ్ళ పుట్టుక మీద రాసిన పుస్తకంలో ఘుర్యే సేకరించిన ముక్కు కొలతలే తీసుకుని, బ్రాహ్మణుడూ అంటరానివాడూ ఒకే జాతి అని తేలుతోంది గదా, మరి మీ జాతి సిద్ధాంతం ఏమైనట్టు అని అడిగాడు.

ముక్కు పోయి రక్తం చుక్క వచ్చింది. 2001లో జీనోమ్ రీసెర్చ్ పత్రికలో మైకేల్ బామ్‌షాడ్ బృందం వ్యాసం వచ్చింది. అందులోని నమూనాలు ఎక్కడివో కాదు, విశాఖపట్నం జిల్లాలోని తెలుగు కులాలవి. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్ళు కూడా అందులో ఉన్నారు. పై కులాల మగవాళ్ళ వంశరేఖలు యూరోపియన్లకు దగ్గరగా ఉన్నాయని ఆ వ్యాసం చెప్పింది. అదే ఏడు డర్బన్‌లో జాతివివక్ష వ్యతిరేక సదస్సు, కులం జాతివివక్ష అవునా కాదా అనే గొడవ. మనలో కొందరికి ఆ ఫలితం నచ్చింది కూడా. చూశారా, వాళ్ళు బయటివాళ్ళే, మేము మొదటివాళ్ళం అనుకోవడానికి పనికొచ్చింది. మాకు ఈ సంబరం అప్పుడూ ఇప్పుడూ భయమే. రక్తం మన తరఫున సాక్ష్యం చెప్పిందని ఈరోజు చప్పట్లు కొడితే, రేపు అదే రక్తం మన పిల్లలు పొట్టి, మన పిల్లలు మందమతులు అని చెప్పించబడ్డప్పుడు ఏ నోటితో కాదంటాం?

2009లో నేచర్ పత్రికలో డేవిడ్ రైక్, హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్జీసింగ్ వాళ్ళ వ్యాసం వచ్చింది. 25 సమూహాలు, 132 మంది. అందులోని పట్టికలో మాల, మాదిగ అన్న పేర్లున్నాయి. మేము దాన్ని లైబ్రరీలో చూసిన రోజు గుర్తుంది. ఆ పేర్లు స్కాలర్‌షిప్ ఫారంలో చూశాం, హాస్టల్ గోడ మీద బొగ్గు రాతల్లో చూశాం, కేసు కాగితాల్లో చూశాం. నేచర్‌లో చూడలేదు. గర్వపడాలో ఉలిక్కిపడాలో తెలియలేదు. కానీ ఆ వ్యాసాన్నీ, తరవాత 2013లో ప్రియా మూర్జానీ, తంగరాజ్ బృందం చేసిన పనినీ జాగ్రత్తగా చదివితే అవి రిస్లీని బలపరిచేవి కావు, అంబేద్కర్‌ను బలపరిచేవి. ఎందుకంటే ఈ నేల మీద దాదాపు అందరూ కలగలిసినవాళ్ళే అని అవి చెప్తున్నాయి. ఇప్పటికి సుమారు 4,200 ఏళ్ళ నుంచి 1,900 ఏళ్ళ మధ్య కాలంలో విస్తారంగా కలిశారు. తరవాత కలవడం ఆగిపోయింది. ఎవరో తలుపులు మూశారు. మూసింది జన్యువు కాదు, పెళ్ళి కట్టుబాటు. ఏ జన్యు పరీక్షా లేని 1916లో, కొలంబియాలో చదువుకుంటున్న పాతికేళ్ళ యువకుడు, కులానికి మూలం తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకునే నియమమే అని సెమినార్‌లో చెప్పాడు. ఆ మాటకు తొంభై ఏళ్ళు దాటాక ప్రయోగశాల సంతకం చేసింది.

అంటే కులం జన్యువుల్లోంచి పుట్టలేదు. జన్యువుల గుంపులను కులం తయారు చేసింది. ఈ తిరగేసిన వరస పట్టుకోకపోతే జనారోగ్యంలో ఏదీ అర్థం కాదు.

దీనికి మన పక్క ఇంటి ఉదాహరణ వైశ్యులు. తెలుగు వైశ్యులు చాలా కాలంగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్ల ఒక జన్యు లోపం వాళ్ళలో మిగతావాళ్ళకన్నా చాలా ఎక్కువగా కనబడుతుంది. ఆపరేషన్‌కి ముందు కండరాలు వదులు కావడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. మామూలుగా అది కొన్ని నిమిషాల్లో దిగిపోతుంది. ఆ లోపం ఉన్న మనిషికి గంటలు పడుతుంది, అంతసేపూ యంత్రంతో ఊపిరి ఆడించాలి. తెలిసిన డాక్టరు ముందే అడిగి జాగ్రత్తపడతాడు. ఇక్కడ జన్యువు నిజం, దాన్ని తెలుసుకోవడం ప్రాణం నిలబెడుతుంది. కానీ ఒకటి గమనించండి. ఈ లోపం వల్ల వైశ్యులు తక్కువ జాతి అని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. వాళ్ళ దగ్గర జన్యువు వైద్యసమాచారంగా ఉండిపోతుంది. మన దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది తలరాత అవుతుంది.

సికిల్ సెల్ కూడా అంతే. ఆదివాసుల్లోనూ, విదర్భలోని మహర్లలోనూ ఎక్కువగా కనబడే ఈ రక్తవ్యాధి తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఆ జన్యువు వస్తేనే వస్తుంది. ఒక్కరి నుంచే వస్తే అది మలేరియా నుంచి కాపాడుతుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో చూపించాడు. అది నాసిరకం రక్తం కాదు, దోమలున్న చోట బతికి బయటపడ్డ రక్తం. ఇందులో పరీక్ష వద్దనే వాళ్ళతో మేము ఏకీభవించం. పరీక్ష లేకపోతే పిల్లలు పోతారు. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి, 7 కోట్ల మందికి పరీక్ష లక్ష్యం. మంచిదే. కానీ పరీక్ష కార్డు చేతికిచ్చి, నొప్పి లేచిన రాత్రి కొండ దిగడానికి బండి లేకపోతే, రక్తం ఎక్కించే చోటు యాభై కిలోమీటర్ల అవతల ఉంటే, ఆ పిల్లని చంపింది జన్యువు అని ఎట్లా రాసుకుంటాం? దీని మీద విడిగా రాయవలసింది చాలా ఉంది, ఇక్కడికి ఆపుతాం.

ఎత్తు దగ్గరికే వద్దాం. జన్యువు ఒక చివర, సమాజం ఇంకో చివర అనుకుని వాదించుకునేవాళ్ళు ఇద్దరూ మధ్యలో ఉన్న ఒక దాన్ని మరిచిపోతారు. తల్లి ఒళ్ళు. ఆకలి తల్లి ఒంట్లోంచి బిడ్డ ఒంట్లోకి జన్యువు అక్కర్లేకుండానే పోతుంది. డయాన్ కాఫీ 2015లో లెక్కగట్టిన ప్రకారం మన దేశంలో గర్భం దాల్చబోయే ఆడవాళ్ళలో నూటికి 42 మంది ఉండవలసిన బరువు లేరు. సహారా దిగువ ఆఫ్రికాలో అది 16.5. సెనెగల్ దగ్గర మేము తడబడ్డామన్నాం గదా, మమ్మల్ని మళ్ళీ నిలబెట్టింది ఈ లెక్కే. బిడ్డ చావకుండా చూడటానికి టీకా, ఆసుపత్రి చాలా వరకు సరిపోతాయి. బిడ్డ పెరగడానికి తల్లి తినాలి, తల్లి అంతకు ముందే తిని ఉండాలి, తల్లిని కన్న తల్లి తిని ఉండాలి. మన ఇళ్ళల్లో కోడలు ఎప్పుడు తింటుంది? అందరూ తిన్నాక. ఏం తింటుంది? మిగిలింది. తల్లి పొట్టి, బిడ్డ పొట్టి. చూసేవాళ్ళకి వంశంలానే ఉంటుంది.

వంశంలా కనబడేదంతా వంశం కాదని నల్లగొండ మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. తాతకు వంకర కాళ్ళు, కొడుకుకు వంకర కాళ్ళు, మనవడికీ అవే. శాపం అనుకున్నారు, కర్మ అనుకున్నారు. అది బావి. ఫ్లోరైడ్ నీళ్ళు ఎముకలను ఇట్లా చేస్తాయని 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో డాక్టర్లు గుర్తించి ప్రకటించారు. మూడు తరాలకూ వారసత్వంగా వచ్చింది రక్తం కాదు, చేద.

మరి తల్లి తింటే ఏమవుతుంది? దీనికి జవాబు విదేశాల నుంచి తెచ్చుకోనక్కర్లేదు. హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్ళలో ఉంది. 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ ఇక్కడ ఒక పని చేసింది. అప్పుడప్పుడే అంగన్‌వాడీలు ఒక్కో ప్రాంతానికీ వస్తున్నాయి. వచ్చిన 15 ఊళ్ళు, ఇంకా రాని 14 ఊళ్ళు తీసుకున్నారు. వచ్చిన ఊళ్ళలో గర్భిణులకూ పిల్లలకూ మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా వండి పెట్టారు. తల్లికి 500 కేలరీలు, పిల్లవాడికి 300. అది తినగా వచ్చే బలం ఎంతని? ఇప్పటి ఒక చిన్న టిఫిన్ అంత. పదిహేనేళ్ళు గడిచాక, 2003–05లో, సంజయ్ కిన్రా బృందం వెనక్కి వెళ్ళి అప్పటి పిల్లలను వెతికి పట్టుకుంది. 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళు, 1,165 మంది. వాళ్ళను కొలిస్తే ఉప్మా అందిన ఊళ్ళ పిల్లలు అందని ఊళ్ళ పిల్లలకన్నా సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. ఇలాంటి లెక్కలో అటూ ఇటూ ఉంటుంది, 4 నుంచి 23 దాకా ఎంతైనా కావచ్చని వాళ్ళే రాశారు. ఎత్తే కాదు, షుగరు జబ్బుకు దారితీసే ఇన్సులిన్ నిరోధకత అయిదో వంతు తక్కువ, రక్తనాళాల బిరుసుతనం కొంత తక్కువ. కడుపులో ఉన్నప్పుడూ, పాకుతున్నప్పుడూ తిన్న ఉప్మా పదిహేనేళ్ళ తరవాత గుండెలో కనబడింది.

ఒకే జిల్లా, ఒకే కులాలు, ఒకే జన్యువులు. తేడా ఒక గిన్నె.

పద్నాలుగు మిల్లీమీటర్లంటే నవ్వుతారేమో. తమ్ముడికి తక్కువైంది పది.

అయితే గిన్నె దగ్గరే ఆగిపోతే మేము కూడా పనగారియా గారిలాగే కులాన్ని దాటిపోయినవాళ్ళం అవుతాం. ఆ గిన్నె ఎక్కడ పెట్టారు? మా చిన్నప్పుడు అంగన్‌వాడీ ఊళ్ళో ఉండేది, వాడలో కాదు. ఊరి పిల్లలు గదిలో కూచునేవాళ్ళు, మేము అరుగు దిగువన. పళ్ళెం ఇంటి నుంచి తెచ్చుకోవాలి. ఆయమ్మ గంటె పైనుంచి వంచేది, తగలకుండా. సగం కింద పడేది. ఆ లెక్కన మాకు అందింది 300 కేలరీలా, 150నా? ఇది మా ఒక్కరి జ్ఞాపకం కాదు. పదకొండు రాష్ట్రాల్లో 565 ఊళ్ళు తిరిగి 2006లో ప్రచురించిన అంటరానితనం అధ్యయనంలో, దాదాపు మూడో వంతు ఊళ్ళలో ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తలు దళితుల ఇళ్ళలోకి అడుగు పెట్టడం లేదని తేలింది. టీకా సూది కులం చూడదు, సూది పట్టుకున్న చెయ్యి చూస్తుంది.

'ఇదంతా పేదరికం, కులం కాదు' అనేవాళ్ళు మన సభల్లో కూడా ఉన్నారు, ఎక్కువగా ఎర్రజెండా మిత్రులు. వాళ్ళు 2022లో సంగీతా వ్యాస్, పాయల్ హాథీ, ఆశిష్ గుప్తా చేసిన లెక్క చూడాలి. తొమ్మిది రాష్ట్రాలు, సుమారు 2 కోట్ల మంది. ఇందులో మన తెలుగు రాష్ట్రాలు లేవు, ఎక్కువగా ఉత్తరాది. పై కులాల హిందువులకన్నా ఆదివాసులు నాలుగేళ్ళకు పైగా, దళితులు మూడేళ్ళకు పైగా, ముస్లింలు సుమారు ఒక ఏడాది తక్కువ బతుకుతున్నారు. ఆర్థిక స్థితి తేడాతో ఈ దూరంలో సగం కూడా వివరించలేకపోయారు. మిగతా సగం పైచిలుకు ఏమిటి? జన్యువు అని అందులో ఎవరూ చూపించలేదు. మేమైతే బావి ఎక్కడ ఉంది, మురుగు ఎటు పారుతుంది, డాక్టరు నాడి పట్టుకున్నాడా దూరం నుంచి మందు రాశాడా, ఆ మురుగులో దిగింది ఎవరు అని అడుగుతాం.

మురుగు అనే మాట దగ్గర కథ తిరగబడుతుంది కూడా. పనగారియా గారి గట్టి ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. కలిగినవాళ్ళ పిల్లల్లో కూడా గిడసబారినవాళ్ళు ఎందుకున్నారు? డయాన్ కాఫీ, డీన్ స్పియర్స్ 2017 పుస్తకంలో ఇచ్చిన జవాబు మనకు కొత్త కాదు గానీ వాళ్ళ నోటి నుంచి వినడం కొత్త. బయట మలవిసర్జన ఎక్కువగా ఉన్న చోట పిల్లల పేగులు ఎప్పుడూ ఇన్‌ఫెక్షన్‌తో పోరాడుతూ ఉంటాయి, తిన్నది ఒంటికి పట్టదు. మరి మనకన్నా పేద దేశాలు కట్టుకున్న సాదా గుంట మరుగుదొడ్డి ఇక్కడ ఊళ్ళలో ఎందుకు వద్దన్నారు? గుంట నిండితే ఎవరు తీయాలి? అది 'వాళ్ళ' పని. ఇంట్లో గుంట ఉంటే మైల. అంటే అంటరానితనం అనేది పొలం గట్టు మీద మలంగా మిగిలి, ఈగ కాలి మీద ఎక్కి, దొర ఇంటి పాలగ్లాసులో కూడా దిగింది. కులం ఎవరి కోసం కట్టారో వాళ్ళ పిల్లల్నీ అది పొట్టిచేస్తోంది.

లాహోర్ సభ కోసం 1936లో రాసి, చదవనివ్వని ఆ ప్రసంగంలో అంబేద్కర్ ఈ సంగతి మొహం మీదే అడిగాడు. కులం మేలుజాతి మనుషుల్ని తయారుచేసే ఏర్పాటు అనే పండితులు అప్పట్లో ఉండేవాళ్ళు. అదే నిజమైతే ఇన్ని వందల ఏళ్ళ తరవాత హిందువులు ఎట్లా ఉండాలి, ఎట్లా ఉన్నారు, ఎత్తు లేదు, సత్తువ లేదు, పదిమందిలో తొమ్మిదిమంది సైన్యానికి పనికిరాకుండా ఉన్నారు గదా అన్నాడు. సైన్యంలో సుబేదారు కొడుకు ఆయన. ఎత్తు కొలిచే బద్ద గురించి ఆయనకు ఒకరు చెప్పాలా.

ఇటీవలి ఏళ్ళలో మన పిల్లలకు మన సొంత ఎదుగుదల కొలబద్ద కావాలనే వాదం మళ్ళీ వినబడుతోంది. విదేశీ ప్రమాణం ఎందుకు, మన ఒళ్ళు వేరు అంటున్నారు. స్వదేశీ అంటే మన చెవికి ఇంపుగానే ఉంటుంది. కానీ బద్ద మీద గీత రెండు వేళ్ళు కిందికి దించిన రోజు ఏం జరుగుతుందో చూడండి. ఏ ఇంట్లోనూ ఒక్క గుడ్డు అదనంగా ఉడకదు. ఏ తల్లికీ నాట్ల నుంచి ఒక్క రోజు సెలవు దొరకదు. అయినా లక్షల మంది పిల్లలు ఒక్క రాత్రిలో ఆరోగ్యవంతులైపోతారు, రిజిస్టర్లో. రిజిస్టర్లో లేని పిల్లకు బడ్జెట్ ఉండదు. ఉద్యోగం దగ్గర మాత్రం గీత దించరు. అక్కడ మా తమ్ముడికి అందరి కొలతే. పుట్టినప్పుడు 'మీరు వేరు' అనే బద్ద, పెరిగాక 'అందరూ ఒకటే' అనే బద్ద.

పోయిన నెల మా అక్క కూతుర్ని అంగన్‌వాడీలో కొలిచారు. ఇప్పుడు రిజిస్టరుతో పాటు ఫోన్ కూడా ఉంది, ఎత్తు కొడితే రంగు చూపిస్తుంది. పిల్లది పసుపులో పడింది. టీచరమ్మ మన వాడ మనిషే, మంచిదే, అక్కతో పాటు చదువుకుంది. ఫోన్ చూసి, "ఏం గాదులే వదినా, మీ తమ్ముని పోలిక" అంది. అక్క పిల్లని సంకనేసుకుని, "పోలిక సంగతి ఇడిసిపెట్టు. రెండు నెలల సంది గుడ్లు ఎందుకు వస్తలేవో అది చెప్పు" అని అడిగిందట.